తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పన్నెండేళ్ల కిందటి మాట. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి డేటాబేసు చూసుకునే కంపెనీలో నాది రాత్రి షిఫ్టు ఉద్యోగం. బ్యాకప్ మధ్యలో ఆగిపోయిందని రాత్రి రెండింటికి అలారం మోగింది. ఏ టేబుల్ దగ్గర ఆగిందో చూద్దామని ఒక క్వెరీ కొట్టాను. తెర మీద యాభై వరసలు దిగాయి. అందులో ఒక పేరు దగ్గర నా చూపు ఆగిపోయింది. మా వీధి చివర పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పే మాస్టారు. పేరు, వయసు, ఫోన్ నంబరు, పక్కనే బయాప్సీ రిపోర్టు. ఆ రాత్రి నాకు తెలిసిపోయిన సంగతి ఆయన సొంత పిల్లలకు తెలియడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మాస్టారు ఎదురొస్తే తల దించుకుని పక్క సందులోకి తిరిగాను.

ఆ డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంది. ఆ సంగతి చెప్పే సర్టిఫికెట్ ఫ్రేము కట్టి మా ఆఫీసు గోడకు తగిలించారు కూడా. నేను ఏ తాళమూ పగలగొట్టలేదు, ఏ రూలూ మీరలేదు. నా ఉద్యోగానికి ఇచ్చిన పాస్‌వర్డుతో లోపలికి వెళ్తే యంత్రమే తాళం తీసి చూపించింది. లాగ్ ఫైల్లో ఒక వరస పడి ఉంటుంది, దాన్ని చదివే మనిషి లేడు. మాస్టారికి ఆ రాత్రి ఉన్న రక్షణల్లా ఒక్కటే, నేను నోరు విప్పకపోవడం. ఒక మనిషి జబ్బు, పరువు, పిల్ల పెళ్లి సంబంధం, ఇవన్నీ ముక్కూ మొహం తెలియని ఒక నైట్ షిఫ్టు ఉద్యోగి మంచితనం మీద ఆధారపడి ఉండటం రక్షణ కాదు. అది ద్రోహం. అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

అందుకే ఎవరైనా నా ముందు నిలబడి "మీ డేటా భద్రంగా ఎన్‌క్రిప్ట్ అయి ఉందండీ" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎన్‌క్రిప్షన్ అంటే తాళం. తాళం ఉందని చెబుతున్నారు సరే, తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆ మాట అనే ప్రతి ఆసుపత్రీ, ప్రతి బ్యాంకూ, ప్రతి ప్రభుత్వ శాఖా మనల్ని మోసం చేస్తున్నట్టే.

క్లౌడ్ అంటే మబ్బు కాదు, ఇంకొకరి కంప్యూటరు. అక్కడ డిస్కు మీద పడుకుని ఉన్న డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తారు. దానివల్ల ఎవడైనా గోడ దూకి డిస్కు ఎత్తుకుపోతే వాడికి అందులోది అర్థం కాదు. కానీ డేటా సెంటర్ గోడలు దూకి డిస్కులు మోసుకుపోయే దొంగలు ఎక్కడైనా ఉన్నారా? దొంగ వచ్చేది సింహద్వారంలోంచి, లాగిన్ పెట్టి. నమ్మిన ఖాతా అడిగితే యంత్రం తానే తాళం తీసి ఇస్తుంది, మాస్టారి రిపోర్టు నాకు తీసిచ్చినట్టు. దారిలో వెళ్లేటప్పుడు ఎన్‌క్రిప్షన్, పడుకున్నప్పుడు ఎన్‌క్రిప్షన్. పని జరిగేటప్పుడు మాత్రం, అంటే ప్రాసెసర్ దాన్ని మెమరీలోకి తెచ్చి చదివేటప్పుడు, బట్టబయలు. ఆ యంత్రం మీద అధికారం ఉన్నవాడికి ఆ క్షణంలో అన్నీ కనిపిస్తాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు.

2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకుకు జరిగింది సరిగ్గా ఇదే. వాళ్ల సమాచారం అమెజాన్ క్లౌడ్‌లో ఉండేది. ఫైర్‌వాల్ అమరికలో ఒక తప్పు దొర్లింది. గతంలో అమెజాన్‌లోనే పనిచేసి మానేసిన ఒక ఇంజినీరు ఆ సందులోంచి దూరి, యంత్రం వాడుకునే అధికార పత్రాలనే చేజిక్కించుకుంది. 10 కోట్ల మందికి పైగా అమెరికన్లు, సుమారు 60 లక్షల మంది కెనడా వాసులు క్రెడిట్ కార్డు కోసం రాసిచ్చిన వివరాలు బయటపడ్డాయి. 1,40,000 సోషల్ సెక్యూరిటీ నంబర్లు, 80,000 బ్యాంకు ఖాతా నంబర్లు పోయాయి. మార్చిలో జరిగిన దొంగతనం, జులైలో బయటి మనిషి ఒకరు ఈమెయిల్ పంపి హెచ్చరిస్తే గానీ బ్యాంకుకు తెలియలేదు. తర్వాత బ్యాంకు తన ప్రకటనలో రాసిన విషయాన్ని ప్రతి ఆసుపత్రి ఐటీ అధికారీ చదవాలి. డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడం తమ పద్ధతేనని, అయితే లోపలికి చొరబడిన ఆ దారే డేటాను డీక్రిప్ట్ చేయడానికీ వీలిచ్చిందని వాళ్లే ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది. తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినందుకు కట్టిన మూల్యం అది.

క్లౌడ్ నడిపే కంపెనీల దగ్గరైనా తాళాలు పదిలమా అంటే, 2023లో మైక్రోసాఫ్ట్ సంగతి చూడండి. మెయిల్ లాగిన్లకు ముద్ర వేసే తాళంచెవి ఒకటి చైనా హ్యాకర్ల చేతిలో పడింది. అది 2016లో తయారైంది. ఏడేళ్ల తర్వాత కూడా దాన్ని రద్దు చేయలేదు. ఆ ఒక్క చెవితో అమెరికా విదేశాంగ శాఖ నుంచే దాదాపు 60,000 ఈమెయిళ్లు లాగేశారు. ఇది ఆపగలిగి ఉండీ ఆపలేకపోయిన ఘటన అని అమెరికా ప్రభుత్వ సమీక్షా సంఘం 2024లో తేల్చి చెప్పింది. దొంగతనాన్ని మొదట పసిగట్టింది కూడా మైక్రోసాఫ్ట్ కాదు, ఎక్కువ డబ్బు కట్టి అదనపు లాగులు కొనుక్కున్న విదేశాంగ శాఖ. అంత పెద్ద సంస్థలో అంత పెద్ద చెవికే దిక్కు లేనప్పుడు, జిల్లా కేంద్రంలో నర్సింగ్ హోము రికార్డులు నడిపే చిన్న కాంట్రాక్టర్ చేతిలోని చెవి గతి ఏమిటి?

మన దగ్గరికి వస్తే నా కోపం ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే మన దగ్గర చాలాచోట్ల తాళమే లేదు. 2017లో వెలువడిన ఒక పరిశోధన నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా పడి ఉన్నాయని తేల్చింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఉపాధి హామీ కూలీల చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. అంటే మట్టి తవ్వి రోజుకూలి తెచ్చుకునే మనిషి ఖాతా వివరాలు. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం సహా బయటపడ్డాయి. ప్రభుత్వం ఇల్లిస్తుందని ఆశపడి వివరాలు ఇచ్చినవాళ్ల ఇంటిగుట్టు బజారున పడింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే, దేశంలో అంత పేరున్న ఆసుపత్రి దాదాపు రెండు వారాల పాటు కాగితం మీద, పెన్నుతో నడిచింది. 2023 జూన్‌లో కోవిన్‌ పోర్టల్‌లో కోవిడ్ టీకా కోసం ఇచ్చిన వివరాలు టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు కొడితే చాలు ప్రత్యక్షమయ్యాయి.

2014 ఆగస్టు 19 నాకు బాగా గుర్తు. తెలంగాణ అంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే. ఆ రోజు ఇంట్లో లేకపోతే లెక్కలోంచి పోతామన్న భయంతో బొంబాయి నుంచి, భివండీ నుంచి, సూరత్ నుంచి జనం కిక్కిరిసిన బస్సుల్లో, రైళ్లలో నిలబడి ఊళ్లకు వచ్చారు. ఇంట్లో ఎందరు, ఎంత పొలం, ఏ బండి, ఏ బ్యాంకు ఖాతా, ఎవరికే జబ్బు, అన్నీ చెప్పారు. నమ్మి చెప్పారు. ఆ సమాచారానికి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లలో ఒక్కరికైనా ఎవరైనా చెప్పారా? అడిగే హక్కు ఉందనైనా చెప్పారా?

ఇప్పుడు నాతో వాదించే ఇంజినీర్ మిత్రుల మాటకొస్తాను. వాళ్లు చెడ్డవాళ్లు కారు. "డేటా మీద పని జరగాలంటే ఎక్కడో ఒకచోట విప్పక తప్పదు, విప్పినచోట చూడగలిగేవాడు ఒకడు ఉండక తప్పదు" అంటారు. ఒకప్పుడు ఈ మాట నిజమే. ఇప్పుడు కాదు. ఇంటెల్ 2015లో ఎస్‌జీఎక్స్ అనే ఏర్పాటును ప్రాసెసర్లలో తెచ్చింది. ఏఎమ్‌డీ తన సర్వర్ చిప్పుల్లో ఎస్ఈవీ తెచ్చింది, ఆ తర్వాత ఇంటెల్ టీడీఎక్స్ వచ్చింది. వీటన్నిటి వెనకా ఉన్న ఊహ ఒకటే. మెమరీకి వేసే తాళంచెవి చిప్పు కడుపులోనే పుడుతుంది, బయటికి రాదు. మెమరీలో ఉన్నంతసేపూ డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, చిప్పు లోపలికి వెళ్లాకే విప్పుకుంటుంది. సర్వర్ నడిపే ఉద్యోగి మెమరీ మొత్తం తోడి చూసుకున్నా అర్థంలేని అక్షరాలే కనిపిస్తాయి. ఆ రాత్రి నా ముందు ఇలాంటి యంత్రం ఉండి, పైన డేటాబేసు కూడా నా పాస్‌వర్డుకు లోబడకుండా కట్టి ఉంటే, నాకు మాస్టారి పేరు కనిపించేది కాదు.

ఇందులో అసలు కీలకం తాళం కన్నా ముద్ర. పూర్వం దస్తావేజుల సంచికి లక్క ముద్ర వేసేవాళ్లు, ముద్ర చెదరకపోతేనే లోపలిది నమ్మేవాళ్లు. ఈ చిప్పు కూడా తనలో ఏ ప్రోగ్రాము నడుస్తోందో దాని వేలిముద్ర లాంటి సంఖ్య ఒకటి తీసి, దాని మీద సంతకం పెట్టి పంపుతుంది. అవతల డేటా సొంతదారుడి యంత్రం ఆ సంతకం సరిచూసుకుని, నడుస్తున్నది తాను ఒప్పుకున్న ప్రోగ్రామేనని తేలాకే తన డేటా తాళంచెవి పంపుతుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది, చెవి వెళ్లదు. దీన్ని అటెస్టేషన్ అంటారు. సిగ్నల్ యాప్ మన ఫోన్లోని నంబర్లను పోల్చి చూడటానికి 2017లోనే ఈ దారి పట్టింది. తన ఏఐ సర్వర్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను బయటి పరిశోధకులు పరీక్షించుకునేలా ప్రచురిస్తానని 2024లో ఆపిల్ ముందుకొచ్చింది. అంటే చేయడం సాధ్యమే. మన ఆసుపత్రులు చేయకపోవడానికి కారణం టెక్నాలజీ లేకపోవడం కాదు, అడిగేవాడు లేకపోవడం.

నేను ఈ చిప్పులకు భజన చేయను. 2018లో ఫోర్‌షాడో దాడి ఎస్‌జీఎక్స్ గుట్టు లాగింది. 2019లో ప్రాసెసర్‌కు వెళ్లే వోల్టేజీని ఆడించి లెక్కలు తప్పేలా చేసి రహస్యాలు రాబట్టారు. 2025లో బెల్జియం, బ్రిటన్ పరిశోధకులు సుమారు 50 డాలర్ల పరికరాన్ని మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య దూర్చి, ఇంటెల్, ఏఎమ్‌డీ రెండింటి రక్షణనూ దాటి చూపించారు. దానికి చిప్పు కంపెనీల జవాబు ఏమిటో తెలుసా? యంత్రాన్ని చేత్తో ముట్టుకుని చేసే దాడులు తమ హామీ పరిధిలోకి రావని. ఇది నాకు మింగుడుపడదు. డేటా సెంటర్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరిగే మనిషి ఎవరు? మనం ఎవరి నుంచి కాపాడమని అడుగుతున్నామో ఆ మనిషే! కాపలా మాది, కాపలావాడి నుంచి మాత్రం కాదు అంటే కుదరదు. అమ్మేటప్పుడు "క్లౌడ్ కంపెనీ కూడా చూడలేదు" అని పెద్ద అక్షరాల్లో రాసినవాళ్లు, ఆ పరిమితిని కూడా అంతే పెద్ద అక్షరాల్లో రాయాలి.

అయినా ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోలేం. నిన్న మాస్టారి రిపోర్టు చూడగలిగినవాళ్లు వందమంది, ఈ చిప్పు పెడితే పరికరం తెచ్చి మెమరీ విప్పి గుచ్చగలిగేవాళ్లు ఏ ఒకరిద్దరో. ఆ తేడా నాకు చాలా పెద్దది.

అసలు చాలా డేటాకు ఈ చిప్పులు కూడా అక్కర్లేదు. పాత స్కాన్లు, డిశ్చార్జి సమ్మరీలు, బ్యాకప్పులు, దస్తావేజుల నకళ్లు, ఇవన్నీ క్లౌడ్‌లో ఊరికే పడుకుని ఉంటాయి. వాటి మీద అక్కడ జరిగే లెక్కలేమీ లేవు. వాటిని ఆసుపత్రి గడప దాటకముందే తాళం వేసి, చెవి దగ్గర ఉంచుకుని, మూటను మాత్రమే పంపాలి. దీనికి అడ్డేమిటి? ఏఈఎస్ పద్ధతి 2001 నుంచి ప్రపంచానికంతటికీ ఉచితంగా ఉంది. దాన్ని వేగంగా నడిపే ఆదేశాలు 2010 నుంచి ప్రాసెసర్లలోనే వస్తున్నాయి. ఖర్చు ఎక్కువ, యంత్రం నెమ్మదిస్తుంది అనే సాకులు పదిహేనేళ్ల కిందటే చచ్చిపోయాయి. తాళం విప్పకుండానే లెక్కలు చేసే హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్‌కు 2009లో క్రెయిగ్ జెంట్రీ దారి చూపాడు. అది ఇంకా బరువైనదే, పెద్ద పనులకు నెమ్మది. దాని కోసం ఎదురుచూస్తూ ఇవాళ చేయగలిగింది మానేయడం నేరం.

"కస్టమర్ మేనేజ్డ్ కీ" అనే మాటతో కూడా జాగ్రత్తగా ఉండండి. చాలాసార్లు ఆ చెవి ఉండేది అదే క్లౌడ్ కంపెనీ హెచ్‌ఎస్‌ఎమ్‌లో. అంటే పగలగొట్టబోతే తనలోని చెవులను తానే చెరిపేసుకునే ఉక్కు పెట్టెలో. పెట్టె గట్టిదే, అందులోంచి చెవిని బయటికి లాగలేరు, అదీ నిజమే. కానీ దాన్ని బయటికి లాగాల్సిన పనేముంది? ఆ చెవితో తలుపు తెరువు అని ఆజ్ఞాపించే ఖాతా చేతికొస్తే చాలు. ఖాతా అమరికలో తప్పు దొర్లితే క్యాపిటల్ వన్ కథ మళ్లీ మొదలు. చెవి ఉండే చోటూ, మూట ఉండే చోటూ వేరువేరు చేతుల్లో ఉండాలి. బ్యాంకు లాకరుకు రెండు చెవులు ఎందుకున్నాయో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

మరి చెవి పోతే? న్యాయమైన భయమే. చెవి పోతే డేటా పోయినట్టే, ఏ దేవుడూ విప్పలేడు. దీనికి జవాబు 1979లోనే ఆడి షామిర్ చెప్పాడు. రహస్యాన్ని ఐదు ముక్కలు చెయ్యవచ్చు, ఏ మూడు కలిసినా తాళం తెరుచుకుంటుంది, రెండు కలిస్తే ఏమీ తెలియదు. ఇది మనకు కొత్త ఊహా కాదు. మా ఊరి గుడి హుండీకి రెండు తాళాలు, ఒక చెవి ఈవో దగ్గర, ఇంకోటి దేవాదాయ శాఖ ఇన్‌స్పెక్టర్ దగ్గర. ఇద్దరూ వచ్చి, ఊరి పెద్దల ముందు తీస్తేనే లెక్కింపు. చిల్లర నాణేలకు మనం ఇచ్చిన ఈ మర్యాద మనుషుల జబ్బులకు, అప్పులకు, కులానికి ఇవ్వలేమా?

చట్టం ఉంది కదా అంటారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. ఆరేళ్ల తర్వాత డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. భద్రతా చర్యల జాబితాలో ఎన్‌క్రిప్షన్ పేరు ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో మాత్రం చెప్పలేదు. మా ఆఫీసు గోడ మీద వేలాడిన ఆ సర్టిఫికెట్ రేపు ఈ నిబంధన ముందు కూడా తల ఎత్తుకుని నిలబడుతుంది! భద్రత లేకపోతే 250 కోట్ల దాకా జరిమానా ఉంది. ఆ డబ్బు వెళ్లేది ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయిన మనిషికి పరిహారం ఇచ్చే ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్‌ను ఈ చట్టం కొట్టేస్తుంది. మాస్టారి లాంటి మనిషి రిపోర్టు బజారున పడితే సర్కారుకు డబ్బు, ఆయనకు అవమానం. ప్రభుత్వ సంస్థలను కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో ఈ చట్టం నుంచే తప్పించవచ్చు. అత్యధికంగా మన వివరాలు పోగేసేది వాళ్లే. ఇటు ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద డీక్రిప్ట్ చేసి ఇమ్మన్నప్పుడు సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. పౌరుడి తాళం దగ్గర మెత్తబడిన చట్టం, పౌరుడి తాళం విప్పించే చోట ఇంత కరకుగా ఉంది. ఇది మన ఒక్కరి కథే కాదు. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వ ఒత్తిడికి ఆపిల్ అక్కడి వాడుకరులకు ఐక్లౌడ్‌లో పూర్తిస్థాయి ఎన్‌క్రిప్షన్ ఇవ్వడమే ఆపేసింది. కంపెనీ దగ్గర చెవి లేకపోతే ప్రభుత్వాలు ఎందుకంత తహతహలాడతాయో ఆలోచించండి. చెవి సొంతదారుడి దగ్గరుంటే అడగాల్సింది ఆయన్నే, కోర్టు కాగితం పట్టుకుని, ఆయనకు తెలిసేలా.

అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో క్లౌడ్ రీజియన్ తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. మన డేటా మన గడ్డ మీదే ఉంటుంది కాబట్టి భద్రమేనని చాలామంది నమ్ముతున్నారు. గడ్డ ఎవరిదన్నది కాదు, గదికి వేసిన తాళంచెవి ఎవరిదన్నది ప్రశ్న. అమెరికా 2018లో చేసిన క్లౌడ్ యాక్ట్ ప్రకారం, తన పరిధిలోని కంపెనీ అధీనంలో ఉన్న డేటా ఏ దేశంలో ఉన్నా చట్టప్రకారం అడిగి తీసుకోవచ్చు. విశాఖ తీరాన ఉన్నా అంతే. అదే ఆ మూటకు మనం ముందే తాళం వేసి చెవి మన దగ్గర ఉంచుకుంటే, ఎవరు అడిగినా కంపెనీ ఇవ్వగలిగేది పనికిరాని అక్షరాలే. భూములిచ్చేటప్పుడు, కరెంటు ఇచ్చేటప్పుడు, నీళ్లిచ్చేటప్పుడు మన ప్రభుత్వాలు ఒక్క షరతు రాయించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల, బడుల, పింఛన్ల, రేషన్ కార్డుల డేటా ఏ క్లౌడ్‌కు వెళ్లినా చెవి ఆ క్లౌడ్ కంపెనీకి ఇవ్వకూడదు. దాన్ని వాడిన ప్రతిసారీ పడే లాగు, ఆ డేటా ఎవరిదో ఆ మనిషి చూసుకోగలగాలి. 2007 నుంచి ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్లు చేయించుకున్న పేదలు తమ రిపోర్టును ఎవరు ఎప్పుడు తెరిచారో తమ ఫోన్లో చూసుకోగలగాలి. నేను ఆ రాత్రి తెరిచినప్పుడు మాస్టారి ఫోను మోగి ఉండాల్సింది.

మాస్టారు ఆ ఏడాది సంక్రాంతికి ముందే పోయారు. దినకర్మలకు వెళ్లాను గానీ ఆయన కొడుకుకు ఈ సంగతి చెప్పలేకపోయాను. ఆ తర్వాత కొన్ని నెలలకు ఆ ఉద్యోగం మానేశాను.

పోయిన నెల మా అమ్మ పరీక్షలు చేయించుకునే డయాగ్నొస్టిక్ సెంటర్‌కు ఒక ఉత్తరం రాశాను. మా అమ్మ రిపోర్టులు ఏ క్లౌడ్‌లో ఉన్నాయి, తాళంచెవి ఎవరి చేతిలో ఉంది, ఈ ఏడాదిలో వాటిని ఎవరెవరు తెరిచారు అని అడిగాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది, ఒకే వాక్యం. డేటా పూర్తిగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, నిశ్చింతగా ఉండండి. అదే ఉత్తరం మళ్లీ పంపాను. రెండో ప్రశ్న కింద గీత గీశాను. ఇంకా జవాబు రాలేదు. వచ్చే సోమవారం అమ్మను మళ్లీ రక్తపరీక్షకు తీసుకెళ్లాలి. ఈసారి ఆ ప్రశ్న కౌంటరు దగ్గర నిలబడి అడుగుతాను, వెనక క్యూలో ఉన్న అందరికీ వినిపించేలా.